కుడివైపు తిరిగే పిల్ల

కీరోవ్, అక్టోబరు 1984

ప్రియమైన తాస్యా,

మాస్కో తిండి వంటబట్టిందా? ఇన్నేళ్ళుగా ఈ ఫ్యాక్టరీ మంచు రింక్‌లో పిల్లలకి స్కేటింగ్ నేర్పుతున్నాను, మాస్కో స్కూలు పిలిచింది నిన్నొక్కదాన్నే. ఈ సంగతి నేను చెప్పని మనిషి లేడు. మంచు తుడిచే గ్రీషా నన్ను చూడగానే పారిపోతున్నాడు. ఉన్ని మేజోళ్ళు పంపుతున్నాను. గొప్పలకి పోకుండా వేసుకో.

నీ రైసా ఫిలిప్పోవ్నా

మాస్కో, నవంబరు

ప్రియమైన రైసా ఫిలిప్పోవ్నా గారికి,

నాది ఎడమచేతివాటం కదా. దూకేటప్పుడు అందరూ ఎడమవైపు తిరిగితే నేను కుడివైపు తిరుగుతాను. మన దగ్గర పిల్లలం తక్కువ, ఇబ్బంది లేదు. ఇక్కడ రింక్ నిండా జనమే, నేనేమో అందరికీ ఎదురొస్తాను. మొన్న ఒకమ్మాయిని గుద్దేశాను, పాపం నుదురు చిట్లింది. కోచ్ వాదిమ్ మార్కోవిచ్ గారు “ఏమ్మా, నీ ఒక్కదానికోసం అందరూ దారి మార్చుకోవాలా? డిసెంబరు పరీక్షలోగా ఎడమవైపు దూకు. లేదంటే పెట్టె సర్దుకో” అన్నారు. అటు తిరిగితే చిన్నపిల్లల గెంతు కూడా రావటం లేదు. భయంగా ఉంది.

మీ తాస్యా

కీరోవ్, నవంబరు

నా బంగారు తాస్యా,

మారకు! నీకు ఆరేళ్ళప్పుడు నేనూ నిన్ను ఎడమవైపు తిప్పి చూశాను. వారమంతా ఏడ్చావు. నీ ఒళ్ళే కుడివైపు తిరుగుతుంటే ఆపడానికి నేనెవర్నని వదిలేశాను. ఆయనెవరట? నాకు ఒళ్ళు మండిపోతోంది. పరీక్ష రోజుకి రైలు టికెట్ కొనేశాను. ఆ పెద్దమనిషిని నాలుగు మాటలని, నిన్ను ఇంటికి తెచ్చేసుకుంటాను.

నీ రైసా ఫిలిప్పోవ్నా

మాస్కో, డిసెంబరు

ప్రియమైన రైసా ఫిలిప్పోవ్నా గారికి,

మీ ఉత్తరం చదివి కరువుతీరా ఏడ్చాను. తర్వాత ముఖం కడుక్కుని సార్ దగ్గరికెళ్ళి, “పరీక్ష ఇప్పుడే పెట్టండి, నా వైపే దూకుతాను” అన్నాను. “అబ్బో, పొగరు!” అన్నారు. దూకి పడ్డాను. “చాలు, బయటికి రా” అన్నారు. వినలేదు. మళ్ళీ వెళ్ళి దూకాను. గాల్లో మూడు చుట్లు తిరిగి ఒంటికాలి మీద నిలిచాను, చెయ్యి కూడా ఆనలేదు!

ఆయన రింక్ అదిరేలా అరిచారు: “ఈ పిల్ల దూకేటప్పుడు ఆ మూల ఖాళీ చెయ్యండి! అడ్డమొచ్చినవాళ్ళ వీపు విమానం మోత మోగిస్తా!”

నన్ను తీసుకెళ్ళడానికి రావద్దు. ఆ టికెట్ మార్చుకుని జనవరి పోటీలకి రండి. మార్కులు చెప్పేదాకా కూర్చునే బెంచీ మీద నాకిటుపక్క ఆయన, అటుపక్క మీరు. ఆయనతో చెప్పేశాను. కాసేపు గొణిగి, సరేనన్నారు.

మీ తాస్యా