అద్దంలో కనబడని మనిషి

భన్‌పురి, రాయ్‌పూర్.

చిరంజీవి నీలిమకు మీ నాన్న సత్తిరాజు దీవించి రాయునది. చిరంజీవి పక్కన ఇదివరకు సౌభాగ్యవతి అని కూడా రాసేవాణ్ణి. ఈసారి చెయ్యి అక్కడ ఆగింది. ఇక్కడ మీ అమ్మా నేనూ తిని తిరుగుతున్నాం. బొబ్బిలిలో నువ్వూ, త్రివేణీ, మీ అత్తగారూ ఒంట్లో బాగుండి ఉంటారని తలుస్తాను.

అమ్మ మోకాళ్ళ సంగతి అడిగావు. అలాగే ఉన్నాయి. కుట్టుమిషను పంపమన్నావు. వచ్చే వారం రైల్లో వేయిస్తాను. నా కళ్ళ సంగతి అడిగావు. రెండు కళ్ళలోనూ శుక్లం ముదిరిందన్నారు. పెద్దాసుపత్రిలో కుడి కంటికి ఆపరేషన్ చేశారు. ఇప్పుడు బాగా కనబడుతోంది. అదే నాకు ముప్పు అయింది. ఎందుకో రాస్తాను.

ఫోన్‌లో అడిగితే మాట మార్చేస్తున్నానని ఉత్తరం రాశావు. నిజమే, మార్చాను. ఇంట్లో అల్లుడు శివాజీ ఫోటో పెట్టబోతే మీ బావగారు దుర్గారావు, "తాగి లారీ కింద పడ్డోడికి దండొకటా" అన్నాడని రాశావు. బళ్ళో త్రివేణిని తాగుబోతు కూతురంటున్నారని రాశావు. "నిజంగా ఆయన ఆవేళ తాగేడా నాన్నా, నువ్వు చూశావా" అని అడిగావు. నా కంటికి ఇంకా కట్టు ఉంది కనక ఉత్తరం మీ అమ్మ చదివి వినిపించింది. విని అన్నం వదిలేసి లేచిపోయాను.

పోయినేడు నా లైసెన్సు గడువు అయిపోయింది. లారీ నడిపేవాడు మళ్ళీ రాయించుకోవాలంటే కళ్ళు చూపించి డాక్టరు కాగితం తేవాలి, అది రూలు. అప్పటికే రెండేళ్ళుగా నాకు దీపం చుట్టూ వలయాలు. అద్దంలో చూస్తే పొగ. ఎవరికీ చెప్పలేదు. శివాజీ కనిపెట్టాడు.

"మావయ్యా, ఇంక సాలు. బండి దిగిపో," అన్నాడు.

"దిగితే నన్ను మేపేది నువ్వా? పెళ్ళాం కట్టిన డబ్బా పట్టుకుని డ్యూటీకెళ్ళే మొగోడివి," అన్నాను.

"మేపుతాను. దిగు."

అల్లుడి చేతి కూడు తినే ఖర్మ నాకు లేదన్నాను. ఆ డాక్టరు కాగితానికి సాయం చెయ్యకపోతే అతని గుమ్మం తొక్కనని ఒట్టు పెట్టాను. ఆస్పత్రి గోడ మీది ఇంగ్లీషు అక్షరాల బోర్డు నాకు చదవరాదు కదా. పాపం ఆ బోర్డు ఫోన్‌లో ఫోటో తీసుకొచ్చి, టీ కొట్టు బెంచీ మీద కూర్చోబెట్టి, పై వరస నుంచి కింది వరస దాకా నాలుగు రోజులు వల్లె వేయించాడు. డాక్టరు ముందు గడగడా చెప్పాను. "వాహ్ చాచా, జవాన్ కీ ఆంఖ్ హై," అని కుర్రాడి కళ్ళని మెచ్చుకున్నాడాయన. ఆ సాయంత్రం మిఠాయి పంచాను. ఆ రూలు నన్ను ఇంట్లో కూర్చోబెట్టడానికి పెట్టారనుకున్నాను. బండి వెనక నిలబడ్డవాడి కోసం పెట్టారని తట్టలేదు.

హోలీ మర్నాడు ఉర్లాలో ఇనప ఫ్యాక్టరీ దగ్గర రాడ్లు ఎక్కించుకోవడానికి బండి వెనక్కి తీస్తున్నాను. ఆ ఫ్యాక్టరీలో లోడింగు చూసేది శివాజీయే కాబట్టి తనే వెనక నిలబడి దారి చూపిస్తున్నాడు. "ఆనే దో, ఆనే దో" అని, రానిమ్మన్న కేక వినబడింది. తరవాత ఫ్యాక్టరీ లోపల ఇనుము కొట్టే పెద్ద సుత్తి మొదలై ఏదీ వినబడలేదు. వెనకున్న మనిషి అద్దంలో కనబడకపోతే బండి ఆపాలి. నలభై ఏళ్ళు కుర్ర డ్రైవర్లందరికీ నేనే చెప్పాను. ఆవేళ శివాజీ అద్దంలో లేడు. నాకు ఏ రోజూ ఎవరూ సరిగా కనబడరు కనక నేను ఆపలేదు.

మీ ఆయన తాగలేదు. ముందు రోజు కూడా తాగలేదు, నువ్వు వండిన గుజియాలు తెచ్చి అందరికీ పెట్టాడు. పోలీసులు అడిగినప్పుడు తాగి చక్రం వెనక్కి వచ్చాడని నేనే చెప్పాను. పండగ మర్నాడు కాబట్టి అందరూ నమ్మారు. ఈ ఐదు నెలలూ, అద్దానికి అందని మూల నిలబడ్డాడేమో అని నాకు నేను చెప్పుకున్నాను. కట్టు విప్పాక అదే బండి ఎక్కి, వెనక క్లీనరు యుగంధర్‌ని అదే చోట నిలబెట్టి అద్దంలో చూశాను. వాడి చొక్కా గుండీలు కూడా లెక్కపెట్టగలిగాను.

నిన్న ఠాణాకి వెళ్ళాను. "చాచా, కేసు బంద్ అయిపోయింది. ఘర్ జావో," అని ఇంటికి పొమ్మన్నాడు అక్కడి ఎస్సై, దరోగా. "రాసుకో సాబ్, నేను చెప్పింది అబద్ధం," అన్నాను. మధ్యాహ్నం దాకా కదలకపోతే చివరికి రాసుకున్నాడు. లైసెన్సు బల్ల మీద పెట్టి వచ్చాను. మళ్ళీ పిలుస్తారట. ఏ శిక్ష వేసినా పడతాను. మీ అమ్మకి రాత్రే చెప్పాను.

ఈ ఉత్తరం మీ అత్తగారి ముందు, దుర్గారావు ముందు గట్టిగా చదువు. నన్ను తిడితే తిట్టనీ, అడ్డుపడకు. ఫోటో పెట్టించు. త్రివేణికి పెద్దయ్యాక చెప్పమని రాయబోయాను. వద్దు. ఇవాళే చెప్పు. నాన్న తాగలేదమ్మా, తాతకి కళ్ళు కనబడక నాన్న మీదికి లారీ ఎక్కించాడు, పైగా అబద్ధం ఆడాడు అని, తాత పేరు పెట్టి చెప్పు.

ఇట్లు,
శివాజీని చంపిన
మీ నాన్న
సత్తిరాజు