రేసు బండికి ప్రార్థన

గురువారం, ప్రత్తిపాడు

ఎల్లుండి మోటారుసైకిల్ క్లబ్బు రేసు. ఈ వయసులో నా ఆశ ఒక్కటే, ఒక్కణ్ణయినా దాటాలి. రోజూ మిరపచేలకు తిరిగే బండికి రేసు నిబంధన ప్రకారం హెడ్‌లైటు, అద్దాలు, హారను, సైడు స్టాండు అన్నీ ఊడదీశాను. ఆయిలు బోల్టు వదులై ట్రాకు మీద నూనె పడకుండా మెకానిక్ మస్తాన్ దాని తలకు బెజ్జం వేసి తీగతో బిగించి కట్టాడు.

మా ఇళ్లలో ఏ బండయినా బయలుదేరే ముందు పాస్టరుగారు చెయ్యి పెట్టి ప్రార్థన చెయ్యాల్సిందే. సాయంత్రం మా ఆవిడ సలోమి ఆయన్ని పిలుచుకొచ్చింది.

"హారన్ ఏదయ్యా?" అన్నారాయన.

"తీసేశానండి. మీరు గట్టిగా ప్రార్థన చేస్తే అదే చాలు, ముందున్నోళ్లు తప్పుకుంటారు."

"చాల్లే, కళ్లు మూసుకో."

స్టాండు లేదు, బండి పడిపోతుంది. హ్యాండిల్ పట్టుకుని ఒక కన్నే మూశాను.

"ప్రభువా, ఈ బండిని నెమ్మదిగా నడిపించు. ఎవర్నైనా దాటాలనే ఆశ ఈ బిడ్డకు పుట్టనియ్యకు" అన్నారు. పక్కనే నిలబడ్డ మస్తాన్ నవ్వు వినపడకుండా తుండుగుడ్డ నోట్లో కుక్కుకున్నాడు. చివర్లో అలవాటు కొద్దీ నేనూ ఆమేన్ అనేశాను.

ఆయన వెళ్లాక సలోమిని నిలదీశాను. "అట్టా చెయ్యమని చెప్పింది నువ్వే కదా?"

"ఆమేన్ అంది నువ్వు. నన్నంటావేందయ్యా?" అని నవ్వు ఆపుకుంటూ లోపలికెళ్లింది.

ఊరందరినీ ఆటపట్టించే నన్ను ఆటపట్టించే మనిషి ఇంట్లోనే ఉంది. అయినా ప్రార్థన వింటున్నంతసేపూ ఆమె చెయ్యి బండి సీటును వదల్లేదు, ఒక కంటితో చూశాను. ఎల్లుండి ఎవణ్ణో దాటబోయే వేళకు ఆ చెయ్యి గుర్తొస్తే యాక్సిలరేటర్ తిప్పగలనా అని...