వీల్‌కు పెట్టిన బొట్టు

నల్లగొండ,
3-11-2019, ఆదివారం.

మరదలు స్వర్ణకు,

నీ వదిన యాదమ్మ దీవెనలు. మక్తల్‌లో మీ అమ్మ బక్కమ్మ అత్తమ్మకు నా నమస్కారాలు చెప్పు. ఉత్తరం మొదట్లో ఇక్కడ అందరం క్షేమం అని రాయాలి. ఆ మాట దగ్గరే కలం ఆగింది. క్షేమం అని రాస్తే అబద్ధం, కాదని రాస్తే నువ్వు భయపడతావు. అందుకని ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

నా తమ్ముడు పరశురాం గాయం మానుతోంది. కుట్లు విప్పారు. ఎడమ కన్ను ఇక రాదని హైదరాబాద్ డాక్టర్లు నీ ముందే చెప్పారు, అందులో మార్పు లేదు. కుడి కంటికి భయం లేదన్నారు. దవాఖాన నుంచి తిన్నగా నా ఇంటికే తీసుకొచ్చాను. మా అమ్మ గుర్వమ్మ, అంటే మీ అత్త, వాడిని చూసుకుంటూ ఇక్కడే ఉంది. గొర్లను పాలివాళ్లకు అప్పగించి వచ్చింది.

నేనే మక్తల్ రావాలనుకున్నాను. బస్సుల సమ్మె ఇంకా తెగలేదు. ఫోన్ చేస్తే నువ్వు ఎత్తడం లేదు. ఎత్తినా ఇది ఫోన్‌లో చెప్పే సంగతి కాదు. మధ్యలో నువ్వు ఏడిస్తే నేను ఆపేస్తాను. కాగితమైతే నువ్వు పక్కన పెట్టి ఏడ్చి, మళ్లీ తీసి చదువుకోవచ్చు.

మొన్న మీ అమ్మ ఫోన్ చేసింది. "ఏం జెప్పాలె యాదమ్మా, పొయ్యికాడికి వస్తలేదు. దీపం ముట్టియ్యదు. కుక్కకింత బువ్వ పెట్టవే అంటె గూడ, నా చెయ్యి మంచిది గాదమ్మా, దానికేమన్న అయితదంటది" అన్నది. నేను వంటింట్లో ఫోన్ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. పొయ్యి మీద పాలు పొంగి పోయినా కదల్లేదు. ఒక మనిషి తన చేతులకు తానే భయపడుతోందంటే అది ఎంత దూరం వెళ్లినట్టు?

అందుకే ముందు నీకు తెలిసిందే మళ్లీ రాస్తాను. దసరా పొద్దున నకిరేకల్‌లో మన దుకాణం కడిగారు. వెల్డింగ్ మిషన్‌కు, డ్రిల్లుకు, ఇనుము కోసే కటింగ్ మిషన్‌కు నువ్వే పసుపు కలిపి బొట్లు పెట్టావు, బంతిపూల దండలు వేశావు. మీ అత్త పల్లె నుంచి వచ్చి పూజ చూసి వెళ్లింది. పరశురాం కటింగ్ మిషన్ ఇనుప పీట మీదే కొబ్బరికాయ కొట్టాడు. సాయంత్రం నువ్వు ముట్టయ్యావు. పూజ చేసిన పనిముట్టును మర్నాడు కదిలించకూడదని దుకాణం తెరవలేదు. ఆ తర్వాతి రోజు పరశురాం గేటు పైపులు కోయబోతే కటింగ్ మిషన్ వీల్ పగిలి, ముక్క కంట్లో దిగింది. దవాఖాన వరండాలో మీ అత్త "ముట్టుతోని మిషన్‌కు బొట్టు పెట్టింది, నా కొడుకు కన్ను తిన్నది" అని పది మంది ముందు అరిచింది. మీ అన్నను పిలిపించుకుని వెళ్లిపోయావు. వెళ్తూ నా చెయ్యి పట్టుకుని అడిగావు: "వదినా, పొద్దుగాలనే నాకు నడుం గుంజింది. నాకు తెల్వకుంటనే అప్పటికే అయ్యుంటదా?"

స్వర్ణా, నీ ప్రశ్నకు జవాబు ఇప్పుడు చెప్తున్నాను. అయి ఉన్నా, అయి ఉండకపోయినా ఆ వీల్‌కు నీ సంగతి తెలియదు.

ఇది నిన్ను ఓదార్చడానికి రాస్తున్నది కాదు. నా సంగతి నీకు తెలుసు. ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పి చెప్పి, ఏ మాటనూ పట్టి చూడకుండా నమ్మలేని జబ్బు పట్టింది నాకు. ఇంటి తాళం వేసి కూడా వెనక్కి వచ్చి లాగి చూస్తానని నువ్వే ఎన్నిసార్లు నవ్వావు! అందుకే పోయిన ఆదివారం దుకాణం తాళాలు తీసుకుని నకిరేకల్ వెళ్లాను. పరశురాంతో ఐటీఐ చదివిన డానియల్‌ను తోడు రమ్మన్నాను. బైపాస్ దగ్గర వాడి షట్టర్ల దుకాణం నీకు తెలుసుగా, ఎప్పుడూ రేడియో మోగుతుంటుంది, రేడియో కంటే వాడు ఎక్కువ మోగుతుంటాడు.

షట్టర్ లేపగానే మురిగిన బంతిపూల వాసన కొట్టింది. నేల మీద మరక నల్లబడి ఉంది. ఎవరూ కడగలేదు.

ఆ మిషన్‌ను రంపం అంటాం గానీ దానికి పళ్లు ఉండవు. గరుకు పొడిని జిగురుతో, జాలీతో కలిపి ఒత్తిన పలుచని బిళ్ల అది. దాన్నే వీల్ అంటారు. తిరిగే వేగంతోనే ఇనుమును కోస్తుంది. దాని పైన సగానికి పైగా మూసి ఉంచే రేకు మూత ఒకటి ఉండాలి. వీల్ పగిలినా ముక్కలు మనిషి మీదికి రాకుండా ఆపేది అదే. మన మిషన్‌కు ఆ మూత లేదు. బోల్టుల రంధ్రాలు ఖాళీగా ఉన్నాయి.

"మూత ఏడ పోయింది అక్కా?" అని డానియల్ బల్ల కింద, పాత ఇనుములో అంతా వెతికాడు. అది నాకే కనబడింది. గోడకు ఉన్న మల్లన్న పటం పక్కన, దీపం పెట్టే చెక్క మీద ఉంది. శుభ్రంగా తుడిచి, పసుపు రాసి, మధ్యలో కుంకుమ బొట్టు పెట్టి ఉంది. దాని బోల్టులు పక్కనే ప్రసాదం గిన్నెలో ఉన్నాయి. మనిషి కన్ను కాపాడవలసిన వస్తువును మనం దేవుడి పక్కన కూర్చోబెట్టి దండం పెట్టాం.

పండుగ రోజు ఏం జరిగి ఉంటుందో అప్పుడు అర్థమైంది. మూత ఉంటే వీల్ కనబడదు, బొట్టు పెట్టడానికి చోటు ఉండదు. అందుకని విప్పారు. ఆ బోల్టులు స్పానర్ లేకుండా రావు. స్పానర్ పట్టింది నువ్వు కాదు.

ఇక వీల్. పగిలిన ముక్కలు ఏరితే సగం ముక్కలకు పసుపు పట్టి ఉంది, తక్కిన సగం పొడిగా ఉన్నాయి. కొబ్బరి నీళ్లు, పసుపు నీళ్లు కిందికి జారి అడుగు భాగం నానిందని డానియల్ అన్నాడు. తడి దండ రెండు రాత్రులు దాని మీదే ఉంది. నానిన వైపు బరువెక్కుతుంది, జిగురు పట్టు వదులుతుంది. నాకు ఆ మాట సబబుగానే తోచింది. కానీ తోచినంత మాత్రాన సరిపోతుందా? నీ ముందు నిలబడి చెప్పవలసిన మాట కదా. చేసి చూపించమన్నాను.

"ఊకె చెప్తె నమ్మవు గదా మేడమ్, పరీక్ష పెట్టాలె నీకు" అని నవ్వి, ఒక కొత్త వీల్ తీసి సగం నీళ్లలో మునిగేలా బకెట్‌లో నిలబెట్టాడు. మర్నాడు కాలేజీకి సెలవు పెట్టి మళ్లీ వెళ్లాను. తన మిషన్ ప్లగ్ పీకి, వీల్ బిగించి, మూత సరిగ్గా కూర్చుందో లేదో చూసి, నన్ను గోడ అవతల నిలబెట్టి, తను పక్కకు జరిగి స్విచ్ వేశాడు. స్వర్ణా, అంత బరువైన మిషన్ బెదిరిన దూడలా ఎగిరింది. ఊపిరి పీల్చేలోపే ఆపేశాడు. నేను గోడ పట్టుకుని ఉన్నాను, గోడ కూడా అదురుతున్నట్టే అనిపించింది.

ఆపాక డానియల్ అన్నాడు: "పరశన్న గిట్లాంటి దాని ముంగట కింద గొంతుకూసున్నడక్కా. ముఖం సరిగ్గ వీల్‌కు ఎదురుంగ. మూత లేదు. కండ్లద్దాలేమొ చెమటకు మసకైతయని నెత్తిమీదికి నూకిండట. ఇగ దేవుడొచ్చి అడ్డం కూసోవాల్నా?"

పూజే తప్పంటావా అని అడిగాను. దానికి పెద్దగా నవ్వాడు. "నేనేడన్న? మా పాస్టరయ్య దుకాణం ప్రార్థనకొచ్చి మిషన్‌కు నూనె పూస్తనన్నడు. అయ్యగారూ, బేరింగులల్ల పొయ్యుండ్రి, పున్నెముంటది, వీల్‌కు మాత్రం అంటియ్యకుండ్రి అన్న. బొట్టు పెట్టుకో, దండ ఏసుకో. మిషన్ వొంటికి పెట్టు, ప్లగ్ పీకి పెట్టు. వీల్‌ను మాత్రం పొడిజాగల దాచాలె. బిగించే ముందు కర్రపిడితోని తట్టి వినాలె. పగులుంటె సప్పుడు చచ్చినట్టుంటది. బిగించినంక పక్కకు నిలబడి జరసేపు ఊకెనే తిప్పాలె. వణికిందా, ఆపి పారెయ్యాలె. గింతే గదా!"

ఇందులో నేను తేల్చలేనిది ఒకటి ఉంది. వీల్ నానడం వల్లే పగిలిందా, కొబ్బరికాయ కొట్టినప్పుడు చిప్ప తగిలి అంతకు ముందే చిట్లి ఉందా, నాకు తెలియదు. రెండూ కావచ్చు. కానీ మూత ఉంటే ముక్క కంటి దాకా వచ్చేది కాదు. దాంట్లో నాకు అనుమానం లేదు. తాళం రెండుసార్లు లాగి చూసే మనిషిని చెప్తున్నాను, నమ్ము.

పరశురాంను ఇంకా ఏమీ అడగలేదు. గాయం పచ్చిగా ఉంది. పండుగ హడావుడిలో మూత తిరిగి పెట్టడం మరిచిపోయి ఉంటాడు. అందరం మరుస్తాం. ఇక మీ అత్త మాట. ఆమె పాతకాలపు మనిషి. కొడుకును నెత్తుటిలో చూసి, నింద ఎక్కడ వేయాలో తెలియక, చేతికి దొరికిన నీ మీద వేసింది. క్షమించమని అడగను, ఆమె నోటికి నేను పూచీ కాదు. కానీ వాడు నీ పేరు ఎత్తకపోయినా, గేటు చప్పుడైతే ఆ ఒక్క కన్నుతో అటే చూస్తున్నాడు. సమ్మె తెగగానే నేనే వచ్చి నిన్ను తీసుకొస్తాను. నీ ఇంటికి నువ్వు రా స్వర్ణా. ముందు లేచి పొయ్యి ముట్టించు.

నీ మేలు కోరే
వదిన,
యాదమ్మ

తా.క.: ఉత్తరం మడిచేముందు అమ్మకు చదివి వినిపించాను. ఆమెకు చదువు రాదు. ఆమె మీద రాసింది ఆమె చెవిన పడాలనుకున్నాను. చిక్కుడుకాయలు తుంచుతూ విన్నది. "నింద ఎక్కడ వేయాలో తెలియక" అన్న చోట చెయ్యి ఆపింది.

"ఆగు బిడ్డా. గది నా కడుపుల పుట్టిన మాట గాదు" అన్నది. "దవాఖానకు పోంగనే నేనడిగిన మొదటి ముచ్చట ఏందో ఎరికేనా? కొడుకా, పండుగనాడు నా ముంగటనే మూత విప్పితివి, మళ్ల పెట్టినవా లేదా అన్న. వాడు, మూతది గాదమ్మా, స్వర్ణ ముట్టుతోని బొట్టు పెట్టింది, గందుకే అయింది అన్నడు. నాకేమెరుక దాని సంగతి? నేను పల్లెల ఉంటి. కన్ను పోయి పండుకున్న కొడుకు చెప్పంగ నమ్మనా? నమ్మిన. వరండాల ఒర్రిన. ఒర్రుడు నా తప్పే."

సరైన ప్రశ్న మొదట అడిగింది ఆమె. నేను కాదు, డాక్టర్లు కాదు. ఆమెను పాతకాలపు మనిషి అని రాసిన కాగితం నా చేతిలోనే ఉంది.

వాడి మంచం దగ్గరికి వెళ్లి అమ్మ చెప్పింది నిజమేనా అని అడిగాను. గోడ వైపు తిరిగాడు. అటే చూస్తూ మాట్లాడాడు. "మూత లేదని తెల్సు అక్కా. మొదటి పైపుకే వణికింది. ఇదొక్కటి కోసి ఆపుదామనుకున్న. నా తప్పే అంటె రేపు నాతాన గేటు ఎవడు చేయించుకుంటడు? నలుగురు నవ్వరా? ఇంట్ల ముచ్చట ఇంట్లనే ఉంటదనుకున్న. ఆమె గింత మనసుకు తీసుకుంటదనుకోలే." స్వర్ణా, నువ్వు కుక్కకు అన్నం పెట్టడానికి భయపడుతున్నావని చెప్పాను. అప్పుడైనా ఇటు తిరుగుతాడనుకున్నాను. తిరగలేదు. నేను ఎత్తుకుని పెంచిన తమ్ముడు వీడేనా అని, బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుండిపోయాను.

కాబట్టి నిన్ను రమ్మని రాసిన మాట వెనక్కి తీసుకుంటున్నాను. కొట్టేయలేదు. నాకు సగమే తెలిసినప్పుడు రాసిన మాట అని నీకు తెలియాలి. వచ్చేదీ మానేదీ నీ ఇష్టం. ఏది చేసినా నేను నీ వదిననే.

ఈ ఉత్తరం పోస్టులో వేయడం లేదు. డానియల్ షట్టర్లు రేపు డీసీఎం వ్యాన్‌లో రాయచూరు పోతున్నాయి. అమ్మ అందులో మక్తల్ దాకా వస్తుంది. వద్దన్నా వినలేదు. "ముట్టు దినమైతేంది, ఏ దినమైతేంది, దాని చేతి బువ్వ తినే వస్త" అన్నది. పొద్దున ఇక్కడ ఏమీ తినదట. ఆకలితో వస్తుంది. వడ్డించు.