శుక్రవారం కూటంలో మన బర్రె

అశోక్ నగర్,
హైదరాబాద్.

నాయినకు, అమ్మకు, నాయినమ్మకు మీ కరుణ ప్రభువు నామంలో చెప్పే వందనాలు. దేవుని దయవల్ల నేనిక్కడ బాగున్నాను, మీరంతా బాగుండాలని రోజూ అడుగుతున్నాను. నాయినమ్మ దగ్గు తగ్గిందా? అమ్మ మోకాళ్ళకు నూనె రాసుకుంటోందా, మరిచిపోతోందా? ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటని నవ్వకు నాయినా. ఫోన్ తీస్తే నువ్వు "తిన్నవా బిడ్డా, పైలం" అని అమ్మ చేతికి ఇచ్చేస్తావు. నాకేమో చెప్పాల్సింది చాలా ఉంది.

ముందుగా, బాగానే తింటున్నాను, నమ్ము. హాస్టల్ పప్పుచారులో పప్పును వెతుక్కోవాలి గానీ, ఆదివారం కోడికూర పెడతారు. నారాయణగూడ చీరల షాపులో పని అలవాటైంది. బీరువాల్లోని చీరలన్నీ దింపించి "మళ్ళ వస్తం" అని వెళ్ళిపోయే వాళ్ళ మీద ఇప్పుడు కోపం రావడం లేదు. సరే, కొంచెం వస్తోంది. హాస్టల్లో అందరూ సర్కారు కొలువుల పరీక్షలకు చదివే పిల్లలే. నా గదిలో ఉండే స్వప్న తెల్లారకముందే రాజ్యాంగం పాఠాలు పైకి చదువుతుంది. విని విని సగం నాకూ వచ్చేసింది.

మొదట్లో సాయంత్రమైతే ఏడుపొచ్చేది. ఇప్పుడు లేదు, బెంగపడకండి. చిక్కడపల్లిలో సుగుణమ్మ ఆంటీ అని రిటైరైన టీచరు ఉంది. ఓ రోజు మా షాపుకొచ్చి, ఏ చీరా నచ్చక నచ్చక చివరికి ఒకటి తీసుకుంటానని పక్కన పెట్టగానే, నేను మన అలవాటు కొద్దీ "స్తోత్రం ప్రభువా" అనేశాను. ఆమె పకపకా నవ్వి, వాళ్ళింట్లో శుక్రవారం సాయంత్రం జరిగే ప్రార్థన కూటానికి రమ్మంది.

అసలు సంగతి అక్కడ జరిగింది. ఆ కూటంలో ఒకరి తర్వాత ఒకరు పైకి ప్రార్థన చేయాలి. నేను మన ఊరి సంఘ పెద్దగారి కూతురినని ముందే గొప్పలు చెప్పి ఉన్నాను. నా వంతు వచ్చేసింది. మన ఇంట్లో ప్రార్థన చేసేది నువ్వు, నేను చేసిందల్లా ఆమెన్ అనడమే కదా! ఏం చేయాలో తోచక, కళ్ళు గట్టిగా మూసుకుని, పోయిన నెల ఇంటికొచ్చినప్పుడు విన్న నీ ప్రార్థనను విన్నట్టే అప్పజెప్పేశాను. "మా బోరుల నీళ్ళు ఎండనియ్యకు ప్రభువా. బొంబాయి పనికి పోయినోళ్ళను మంచిగ ఇంటికి తేవయ్యా. మా బర్రె సుఖంగ ఈనేటట్టు చెయ్యి తండ్రీ. పట్నంల ఒక్కతే ఉన్న మా బిడ్డ కరుణను కాపాడు."

నాలుగో అంతస్తులో, లిఫ్టు పక్కనున్న ఆ ఇంట్లో, అందరూ ఆమెన్ అన్నారు. తర్వాత ఎవరికో నవ్వు ఆగలేదు, ఇక అందరూ నవ్వారు. ఎగతాళి కాదు నాయినా, నేనూ కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాను. ఆంటీ అయితే "బర్రెకు ఎన్నో నెల బిడ్డా?" అంది. ఇప్పుడు ప్రతి వారం దాని క్షేమం అడుగుతున్నారు. ఈనగానే ఫోన్ చేయండి, నేను జవాబు చెప్పుకోవాలి.

గదికొచ్చాక మాత్రం భయం పట్టుకుంది. నాకున్న విశ్వాసం నాదేనా, నీదా? నువ్వు పక్కన లేకపోతే దేవుడితో చెప్పుకోవడానికి నాకు ఒక్క మాటైనా లేదా? మరునాడు ఆంటీతో ఈ మాటే అన్నాను. "దేవుని తాన పరీక్ష రాస్తున్నవా ఏంది? ఇయ్యాల ఏమైందో అది చెప్పు. రోజు చెప్పు, అలవాటైతది" అంది.

అప్పటినుంచి పొద్దున షాపుకు నడుస్తూ చెప్పుకుంటున్నాను. మొదట్లో అన్నీ చాడీలే. మేనేజరు కూర్చోనివ్వడని, కాళ్ళు గుంజుతున్నాయని. తర్వాత ఆయన కూతురికి జ్వరం తగ్గడం లేదని తెలిసి, ఆ పిల్ల కోసం అడిగాను. అడిగాక ఆయన మీద కోపం ఎటు పోయిందో తెలియదు. దారిలో చాయ్ బండి అన్న ఒకరోజు ఆపాడు.

"పొద్దుగాల్నే ఎవరితోటి అక్కా గంత ముచ్చట? చేతుల ఫోన్ గూడ లేదు!"

"దేవునితోటి అన్నా."

"అట్లనా! జర నా గిరాకీ గురించి గూడ చెప్పు మరి."

చెప్తున్నాను, నిజంగానే.

మొన్న శుక్రవారం నా వంతు వస్తే నా సొంత మాటలతో ప్రార్థన చేశాను. తడబడ్డాను, అయినా మాటలు నావే. స్వప్న కొలువు గురించి, అమ్మ గురించి, నాయినమ్మ గురించి అడిగాను. తర్వాత నీ పేరెత్తి ఆగిపోయాను నాయినా. నీ కోసం ఏం అడగాలో తెలియలేదు. నీ ప్రార్థన నాకు కంఠతా వచ్చు. అందులో ఊరంతా ఉంది. నువ్వు లేవు. ఇన్నేళ్ళు ఆమెన్ అంటూ ఆ సంగతే గమనించలేదు. అక్కడే ఏడ్చేశాను. "మా నాయిన" అని మాత్రం అనగలిగాను.

పాస్టరు గారికి, పాస్టరమ్మకు, పెద్దనాయినకు నా వందనాలు చెప్పండి. ఇటువైపు వచ్చేవాళ్ళు ఎవరైనా ఉంటే అమ్మ పల్లీల పొడి కొట్టి పంపాలి, స్వప్న కూడా అడుగుతోంది. మీ అందరి దీవెనలు నా మీద ఉండాలి.

నాయినా, నీకేం కావాలి? ఫోన్‌లో అడిగితే "నాకేం గావాలె, మంచిగనే ఉన్న" అంటావు. అందుకే కాగితం మీద అడుగుతున్నాను. ఎంత చిన్నదైనా సరే, రాసి పంపు. నీ కోసం నేను అడుగుతాను.

ఇట్లు,
మీ దీవెనలు కోరే బిడ్డ,
కరుణ