ఆగినప్పుడు చెప్పండి

2013 జూలై 6

నువ్వు శుక్రవారం అంటున్నావు. కాదు, ఈ రోజు శనివారం. పోయినేటి డైరీవి నువ్వు, నీకు తెలిసిన వారాలన్నీ ఒక రోజు వెనకబడే ఉంటాయి. ఈసారి కొత్తది ఎవరూ ఇవ్వలేదు, నాకు కొనబుద్ధి కాలేదు. సర్దుకుందాం. నీకు వారం సరిగా తెలియదు. నాకు నా కాళ్లు సరిగా తెలియవట.

శంషాబాద్ డాక్టరమ్మ సొరుగులోంచి శృతిదండం, అదే ట్యూనింగ్ ఫోర్కు, తీసింది. ముప్పై ఏళ్లు ఆడపిల్లల కాలేజీలో ఫిజిక్సు చెప్పినదాన్ని, పాత స్నేహితురాలు కనబడినట్టయింది. అరచేతి మీద కొట్టి, నా కాలి బొటనవేలి ఎముక మీద నిలబెట్టింది.

"కళ్లు మూసుకోండి మేడం. ఆగినప్పుడు చెప్పండి."

ఆగింది, అన్నాను.

కళ్లు తెరిచాను. దండం వణుకుతూనే ఉంది. రెండు కొమ్ములూ మసగ్గా, గాలిలో కరిగిపోయినట్టు... నా వేలి మీదే. నాకు మాత్రం ఇనుప ముక్క ఆనించినట్టుంది.

షుగరు కాళ్ల నుంచి మొదలుపెడుతుందట. ఎక్కడిదాకా వస్తుంది? అని అడిగాను. చూద్దాం మేడం, అంది. వైద్యశాస్త్రంలో అన్నిటికంటే పెద్ద మాట అదే.

జూలై 8

విమానాశ్రయం తెరిచిన మరుసటేడు ఈ తొండుపల్లి ఇంట్లో అద్దెకు దిగాం, నేనూ మా అమ్మాయి కూతురు మేఘనా. మేఘనకు ఎయిర్‌పోర్టు కౌంటర్లో ఉద్యోగం. ఆ మొదటి ఏడు ప్రతి విమానానికీ నేల జలదరించేది. మంచం కోళ్లలోంచి వెన్నులోకి పాకేది. తర్వాత తగ్గిపోయింది. అలవాటైపోయింది అనుకున్నాను. దేనికైనా అలవాటు పడొచ్చు అని వచ్చినవాళ్లందరికీ ఉపన్యాసం కూడా ఇచ్చాను.

ఈ రోజు మెట్ల మీద మా ఇంటి యజమానురాలు యాదమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తోంది. పైవాటా ఆమెది. అడిగాను — ఈమధ్య విమానాలకు నేల అదరడం తగ్గింది కదూ?

"ఏం తగ్గింది అక్కా? అప్పుడెంత వణికేదో ఇప్పుడు గంతే వణుకుతది. ఇగో, వస్తున్నది చూడు. నా పండ్లు గూడ టకటకమంటున్నయి."

నిజంగానే వచ్చింది. దాని నీడ ప్రహరీ దిగి, సంపు మూత మీదుగా పాకి, నా పాదాల మీంచి వెళ్లిపోయింది. ఉత్త పాదాలు. బండ మీదే ఉన్నాయి. ఒలిచిన గింజలు చేటలో ఎగురుతున్నాయి.

ఏమీ తెలియలేదు.

అలవాటు కాదన్నమాట.

జూలై 9

ఎక్కడిదాకా వచ్చింది?

జూలై 12

కాళ్లు పోతే పోనీ, ఇంట్లో కూడా చెప్పులు వేసుకుంటాను. వేళ్ల చివర్లూ మొద్దుబారుతున్నాయి, పోనీ, గుండీలు పెట్టుకునే వయసు దాటింది. ఒక్క చోటు గురించే బెంగ. నీకు తప్ప చెప్పుకోలేను.

ఆయన పోయి తొమ్మిదేళ్లు. ఈ తొమ్మిదేళ్లలో దాని యోగక్షేమాలు నేను అడగలేదు. అడగకపోయినా ఉంటుంది కదా అనుకున్నాను. తాళం వేసిన గది, తాళంచెవి నా కొంగుకే ఉంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు. ఇప్పుడు తలుపు తట్టి లోపల ఎవరైనా ఉన్నారా అని అడగడానికి చేయి రావడం లేదు. జవాబు రాకపోతే?

చేత్తో చూసుకోవచ్చుగా అంటావు. చెయ్యే కదా సాక్ష్యానికి పనికిరానిది! ఏమీ తెలియకపోతే అది వేలికి తెలియనిదా, అక్కడ తెలియనిదా, ఎలా తేలుతుంది? బయటి పరికరం ఒకటి కావాలి. కొలిచేది కొలవబడేదానితో పాటే చెడిపోతే ప్రయోగం చెల్లదు.

జూలై 15

డాక్టరమ్మనే అడిగేశాను. ఆ శృతిదండం అన్ని చోట్లా పెట్టరు కదా, అని.

నవ్వబోయి ఆగింది. లేచి తలుపు వేసి వచ్చింది.

"వైబ్రేటర్ వాడండి మేడం. మీ వయసు వాళ్లకు నేను చెబుతూనే ఉంటాను. రక్తప్రసరణకూ మంచిదే. తక్కువ వేగంతో మొదలుపెట్టండి. స్పర్శ తగ్గినచోట గట్టిగా నొక్కినా తెలియదు, అందుకని తర్వాత అద్దం పెట్టి చర్మం చూసుకోండి. ఎర్రబడినా, ఒరుసుకున్నా మానేసి నా దగ్గరికి రండి."

"ఏది కొనమంటారు?"

"అది మీ శరీరాన్ని అడగాలి, నన్ను కాదు."

వైబ్రేటర్. రాశాను. కాగితం కాలిపోలేదు.

జూలై 18

కొనేముందు ఇంట్లో ఉన్నది చూద్దామని అటక మీది మసాజు మిషను దింపించాను. ఆయన మోకాలి నొప్పికి తెచ్చుకున్నది. ఆనపకాయంత తల, తాడులాంటి వైరు. చీర మీంచే, తుంటి మీద పెట్టి స్విచ్ వేశాను. మంచం నడిచింది. నేను కాదు, మంచం. గోడ దగ్గరినుంచి గది మధ్యకు.

పైనుంచి కేక — "ఏందక్కా, రుబ్బుతున్నవా? ఇల్లంత ఊగుతున్నది!"

"పచ్చడి!"

"మాకు జర పంపు మల్ల!"

మధ్యాహ్నమంతా కూర్చుని పచ్చడి చేయవలసి వచ్చింది.

తుంటి తిమ్మిరెక్కి సాయంత్రానికి గానీ తేరుకోలేదు. ఉన్న స్పర్శను కూడా తొక్కేసేది నాకు పనికిరాదు. బలం ఎక్కువైతే మేలు అనేది అంగడివాడి సిద్ధాంతం.

జూలై 21

మేఘనకు సెలవు. ల్యాప్‌టాప్ తెరిచి, అందులో వరసగా ఉన్న వైబ్రేటర్ల బొమ్మలు ఒక్కొక్కటే దాటించింది.

"అమ్మమ్మా... ఇందులో ఇవన్నీ ఎవరు చూశారు?"

"నేనే."

"దేనికి?"

"ల్యాబ్ పనికి."

నవ్వీ నవ్వీ నేల మీద కూలబడింది. కళ్లు తుడుచుకుని నా పక్కకు చేరి, కౌంటర్లో ప్రయాణికులను అడిగినట్టే మొదలుపెట్టింది.

"లోపలికా, పైపైకా?"

"పైపైకి చాలు. లోపలి సంగతి తర్వాత."

"సిలికాన్‌ది తీసుకుందాం. రబ్బరు వాసన కొట్టేవి వద్దు, వాటికి రంధ్రాలుంటాయి, ఎంత కడిగినా మురికి పోదు. నీకు ఇన్ఫెక్షను అసలే మంచిది కాదు. నీళ్లలో కడిగేలా ఉండాలి. చప్పుడు?"

"నువ్వు రాత్రి డ్యూటీ చేసొచ్చి పగలు పక్క గదిలో పడుకుంటావు."

"చప్పుడు లేనిదే! థాంక్స్ అమ్మమ్మా, చాలా థాంక్స్."

లిప్‌స్టిక్ అంత చిన్నది, గులాబీ రంగుది చూపించింది. ముద్దుగానే ఉంది. కానీ అంత చిన్న మోటారు సన్నగా, గబగబా వణుకుతుంది, దోమ పాడినట్టు. చర్మం పైపైనే. నా చర్మానికి పైకబుర్లు వినబడవు. పౌనఃపున్యం తక్కువ, కంపన పరిమితి ఎక్కువ. అంటే నిదానంగా, బరువుగా, లోతుకు దిగేది కావాలి. (పౌనఃపున్యం అనలేక ఎంతమంది పిల్లలు నా వైవాల్లో ఏడ్చారో!) తల వెడల్పుగా ఉంటే ఒత్తిడి ఒక్కచోటే పడదు. పిడి పొడవుగా ఉంటే వేళ్లతో బిగించి పట్టుకునే పని లేదు. వేగాన్ని మెట్టు మెట్టుగా పెంచుకునే వీలుండాలి.

మగవాడి దాని ఆకారంలో ఒకటి వచ్చింది తెర మీద. వద్దన్నాను. అసలుదానితో ముప్పై ఆరేళ్లు కాపురం చేశాను, నకలు దేనికి?

"ఇప్పుడెందుకు అమ్మమ్మా, ఇన్నాళ్లూ లేనిది?"

కాళ్ల సంగతి చెప్పాను. దాని నవ్వు ఆగిపోయింది. నా పాదం ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకోమంది. బొటనవేలితో నొక్కుతోంది.

"ఇక్కడ తెలుస్తోందా?"

"ఆఁ."

"ఇక్కడ?"

"ఆఁ, నొక్కుతున్నావుగా."

కళ్లు తెరిచి చూస్తే నా పాదం మీద దాని చేయి లేదు. దాని రెండు చేతులూ దాని నోటి మీద ఉన్నాయి.

జూలై 22

ఆర్డరు పెట్టాం.

జూలై 29

పార్శిల్ వచ్చింది. నేను స్నానంలో ఉంటే యాదమ్మ అందుకుంది. చేతులు చాచి, పిల్లిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకొచ్చింది.

"ఏంది అక్కా గిది? లోపట గుయ్యిమంటున్నది. పానమున్నదా ఏంది దీనికి?"

"మెడ నొప్పికి మిషను."

"మెడకా! గింత చిన్నగున్నది?"

"చిన్న మెడ నాది."

చేతిలోకి తీసుకున్నాను. ఏమీ లేదు. అట్టపెట్టె, అంతే. దారిలో బటన్ నొక్కుకుపోయి, నా చేతికి వచ్చేసరికి ఆగిందా? లేక ఆగలేదా? యాదమ్మ మొహం చూశాను. ఆమె నా చేతుల్లోని పెట్టె వంకే చూస్తోంది.

"ఇంకా అంటున్నదా?" అని అడగాలి. అడగకుండా పెట్టె చెవి దగ్గరికి తెచ్చుకున్నాను. పైనుంచి విమానం వెళుతోంది, చెవులకు కూడా పని లేకుండా పోయింది.

ఆగస్టు 1

ఛార్జింగు అయింది. సబ్బుతో కడిగి ఆరబెట్టాను. మేఘన ఆన్ చేసి చేతికిచ్చింది. కనిష్ఠ వేగం. వేలి కొసన పెడితే దాని అంచు మసకబారడం కనబడుతోంది, వేలికి మాత్రం గాలి తగిలినంత. మణికట్టు మీద తెలుస్తోంది. దవడ ఎముక మీద బాగా తెలుస్తోంది, పక్కింట్లో తంబురా మీటినట్టు. రంగు వంకాయ. చేతికి బాగుంది. ఎంపిక తప్పు కాలేదు.

పట్టుచీరల మధ్య పెట్టి బీరువా మూసేశాను. ఈ రోజు కాదు. తలుపు తట్టనంత కాలం లోపల మనిషి ఉన్నట్టే.

ఆగస్టు 4

వాన. బీరువా జోలికి వెళ్లలేదు.

ఆగస్టు 6

వెళ్లలేదు. బీరువా మాత్రం రెండుసార్లు తుడిచాను.

ఆగస్టు 9

వెళ్లాను.

మధ్యాహ్నం. మబ్బు. కరెంటు లేదు, ఫ్యాను కూడా లేని నిశ్శబ్దం. పక్క గదిలో మేఘన నిద్ర. కళ్లజోడు తీసి పక్కన పెట్టాను. బటన్ నొక్కాను. పైన ఒక విమానం, చాలా కిందుగా, ఇల్లంతా తనదైనట్టు వెళ్లింది. అది పోయాక...

ముందు ఏమీ లేదు. చాలాసేపు. లేదు, అయిపోయింది, అనుకుని కళ్లు మూసుకున్నాను.

అప్పుడు వచ్చింది. దూరంగా, చీకట్లో ఎవరో లాంతరు పట్టుకుని గట్టు మీద నడిచి వస్తున్నట్టు. ఎవరో తెలియదు, వస్తున్నది మాత్రం నా దగ్గరికే. నిదానంగా, బరువుగా, వెచ్చగా. సరిగ్గా నేను ఎంచుకున్న తీరులో. "ఉంది," అన్నాను పైకే. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. కళ్లు తడిశాయి, ఆ ముక్క నీ దగ్గరే ఉంచు. తర్వాత జరిగింది నీక్కూడా రాయను.

ఒళ్లు చల్లబడ్డాక, ఆపుదామని తడిమి బటన్ నొక్కి పట్టుకున్నాను.

ఆగలేదు. మొదలైంది.

దుప్పటి కింద గుయ్యిమని.

కాసేపటికి గానీ అర్థం కాలేదు. దానికొక తాళం ఉంది, బటన్ కాసేపు పట్టి ఉంచితేనే తెరుచుకుంటుంది. మొదట నేను ఊరికే తాకి వదిలేశాను. నొక్కిందీ లేనిదీ వేలికి తెలియలేదు. అంతసేపూ అది నా చేతిలో రాయిలా పడుకునే ఉంది.

మరి వచ్చింది ఏమిటి?

విమానం అప్పటికే పోయింది. చుట్టుపక్కల నీళ్ల మోటార్లు తిరగడానికి కరెంటు లేదు.

నడుస్తున్నదాన్ని మళ్లీ పెట్టి చూశాను. తెలుస్తోంది. ఇందాకటిదీ ఇదీ ఒకటేనా? తేడా చెప్పలేను. ముప్పై ఏళ్లు తేడాలు చెప్పి జీతం తీసుకున్నదాన్ని.

ఆగస్టు 10

మేఘన కాఫీ ఇస్తూ, గ్లాసులోకి చూస్తూ అడిగింది.

"పనిచేసిందా అమ్మమ్మా?"

"ఏదో ఒకటి పనిచేసింది."

"అంటే?"

చెప్పాను. గ్లాసు కింద పెట్టి నా చేయి పట్టుకుంది. ఈసారి నిజంగానే పట్టుకుంది. కళ్లు తెరిచే ఉంచాను.

డాక్టరమ్మకు ఫోన్ చేశాను. "దెబ్బతిన్న నరాలు ఒక్కోసారి లేనిదాన్ని చెబుతాయి మేడం. ఒక్కోసారి శరీరం ఎదురుచూసి ఎదురుచూసి తనంతట తానే అందుకుంటుంది. మొదటిదైతే స్పర్శ పోతున్నట్టు. రెండోదైతే బాగున్నట్టు."

"నాది ఏది?"

"మీకెలా అనిపించింది?"

"బాగుంది."

"మరి ఇబ్బంది ఏమిటి?"

ఫోన్ పెట్టేశాను. చర్మం చూసుకున్నాను, ఎరుపు లేదు.

ఆగస్టు 11

ఇది రాస్తుంటే మళ్లీ వచ్చింది. వస్తువు బీరువాలో ఉంది, ఇప్పుడే లేచి చూసి వచ్చాను, దాని లైటు వెలగడం లేదు. ఆకాశంలో ఏమీ లేదు. కుర్చీలో కూర్చున్నాను, చేతిలో పెన్ను తప్ప మరేం లేదు. వెళ్లిపోయే చుట్టం గుమ్మంలో నిలబడి కబుర్లు చెబుతున్నట్టా ఇది, వచ్చే చుట్టం గేటు తీస్తున్న అలికిడా... రెండింటికీ చప్పుడు ఒకటే. నేను మాత్రం పొమ్మనలేదు. రాస్తూనే ఉన్నాను, అది అలాగే ఉంది—

మేఘన డ్యూటీ నుంచి వచ్చేటప్పుడు తేవలసింది: మందుల షాపులో లూబ్రికెంట్ జెల్లీ. నీళ్లతో చేసినదే, సిలికాన్‌ది వద్దు, దాంతో వస్తువు పైపూత పాడవుతుంది. వాసన లేనిది, గ్లిజరిన్ లేనిది, షుగరువాళ్లకు అది పడదట. మా వీధి మొదట్లో షాపు వద్దు, అతను యాదమ్మ మేనల్లుడు. బస్టాండు వైపు వెళ్లి తెమ్మనాలి. చిన్న ట్యూబు చాలు.

కాదు. పెద్దదే తెమ్మనాలి.