పడవ వస్తోంది, నేను రావడం లేదు

రారోటోంగా, ఆదివారం

అక్కా, నేను క్షేమమే. ముఖం చెల్లకే ఇన్నాళ్లూ కార్డు రాయలేదు.

రెండు పెద్ద దోనెలను అడ్డదూలాలతో జోడించి, కొబ్బరిపీచు తాళ్లతో బిగించిన మన పడవను పోయిన నెల సముద్రంలోకి దించాం. ఆ కట్లలో సగం నా చేతివే. పగడపు దిబ్బ దాటి మొదటి అల తగలగానే నాకు కడుపులో తిప్పింది. వాంతులతో తెరచాప కింద కూలబడ్డాను. చుక్కాని పట్టిన టాంగియానౌ తాత, "ఏరా మెటువా, చేపలకి విందు చేస్తున్నావా? నీకూ కొంచెం మిగుల్చుకోరా!" అన్నాడు. అందరూ విరగబడి నవ్వారు. తర్వాత ఎన్నిసార్లు వెళ్లినా అదే గతి. చివరికి తాతే నా భుజం తట్టి, "కట్లు గట్టిగా కట్టావురా, ఒక్కటీ వదులవలేదు. ఇక ఒడ్డునే ఉండు నాయనా" అన్నాడు. ఆ నవ్వులకంటే ఈ మెత్తటి మాటే ఎక్కువ గుచ్చుకుంది. నా చోటు వదులుకున్నాను.

పడవ నేనే నడిపించుకొస్తానని అమ్మ చర్చిలో అందరికీ చెప్పిందట. సంగతి నువ్వే మెల్లగా చెప్పు, నాకు నోరు రావడం లేదు. తన మోకాలి నొప్పి తగ్గిందా? చేమ మడిలోకి పందులు రాకుండా కంచె వేయించావా?

పై నెల పడవ మన అటియు దీవికి చేరుతుంది. నా బదులు మనిహికి దీవి పిల్ల కిమియోరా వస్తోంది. అక్కడ దానికి నా అన్నవాళ్లు లేరు. రేవులో నాకు వేయాలనుకున్న పూలదండ దాని మెడలో వెయ్యి. అందరూ నవ్వుతుంటే నా మూతి తుడిచింది ఆ పిల్లే.

దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి.

నీ తమ్ముడు,
మెటువా