పిల్లల మూల

మార్చి 4

శ్మశానంలో సమాధులు పగలగొట్టారట. పొద్దున షాపు తెరవగానే మాస్టారు వచ్చి చెప్పారు. డ్రై క్లీనింగ్‌కి ఇచ్చిన కోటు కూడా తీసుకోకుండా వెళ్లిపోయారు. వాళ్లావిడ సమాధి అక్కడే ఉంది. మా పాపదీ అక్కడే.

మధ్యాహ్నం రెండు

కౌంటర్ వదిలేసి పరిగెత్తాను. ఓనరు ఏమనుకుంటే అనుకోనీ. గేటు దగ్గర నుంచే కనబడింది. పెద్ద పెద్ద రాళ్లు బోర్లా పడున్నాయి. కొన్నిటి మీద రంగు కుమ్మరించారు. వెనక గోడ వారగా ఉన్న పిల్లల మూలని కూడా వదల్లేదు. మా పాప రాయి రెండు ముక్కలైంది. జానెడు రాయి అది. దాన్ని పగలగొడితే ఎవడికి ఏమొస్తుంది? కింది ముక్క మట్టిలోంచి కదల్లేదు. పై ముక్క పక్కకి పడింది. దాని మీద పాప అన్న రెండక్షరాలూ చెక్కుచెదరలేదు.

తాగిన కుర్రాళ్ల పని అంటున్నారు పోలీసులు. వాళ్ల చేతులు పడిపోను.

మార్చి 6

మా ఆయన బస్సు డిపో నుంచి వస్తూ చిన్న సంచీతో సిమెంటు తెచ్చాడు. ఆదివారం వెళ్లి అతికించేద్దాం, గంట పని అన్నాడు. పాపని పెట్టి వచ్చిన రోజు తర్వాత ఈ మనిషి మళ్లీ అటు వైపు వెళ్లలేదు. ఎప్పుడు రమ్మన్నా డ్యూటీ ఉందనేవాడు. నేనూ అడగడం మానేశాను. ఇప్పుడు తనంతట తనే వస్తానంటున్నాడు. వంటింట్లోకి వెళ్లి కాసేపు ఏడ్చాను, సంతోషంతోనే.

మార్చి 9, ఆదివారం

వెళ్లలేదు. నేనే ఆపాను.

పొద్దున మాస్టారింట్లో మీటింగ్. పాడుచేసిన శ్మశానాల రిపేరుకి గవర్నమెంటు ఫండ్ ఉందట. ఇంజనీరు వచ్చి పగిలినవన్నీ చూసి, ఫోటోలు తీసుకుని, ఎస్టిమేట్ వేస్తాడట. అంతవరకూ ఎవరూ ఏదీ ముట్టుకోవద్దని మాస్టారు మరీ మరీ చెప్పారు. మనమే బాగుచేసుకుంటే ఇక పగిలినట్టు రాసుకోరు కదా.

ఇంటికొచ్చి అదే చెప్పాను. ఇంతోటి రాయికి గవర్నమెంటు దాకా ఎందుకే అన్నాడు మా ఆయన. మనదొక్కటే కాదు, ఆ మూలంతా బాగుపడుతుంది, మొక్కలు కూడా వేస్తారు అన్నాను. వాదనలో నన్ను గెలవడం అతని వల్ల ఎప్పుడైంది గనక. అప్పటికే వేసుకున్న పాత చొక్కా విప్పేసి, సిమెంటు సంచీ మెట్ల కింద పెట్టేశాడు.

ఏప్రిల్ 2

ఆఫీసు చుట్టూ తిరిగే పని నా నెత్తిన పడింది. మాస్టారికి మోకాళ్ల నొప్పులు. నాకు నోరుంది. ఇవాళ సీట్లో ఉన్నాయన, బతికున్నవాళ్లకే రోడ్లు లేవు, చచ్చినవాళ్లకి ఫండ్స్ కావాలా అన్నాడు. ఎప్పటికైనా మీ అడ్రసూ అదేనండీ, ముందే బాగుచేయించుకోండి అన్నాను. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆయనా నవ్వాడు. ఫైలు పై సెక్షన్‌కి వెళ్లింది.

మే 1

ఇంజనీరు ఇంకా రాలేదు.

మే 11

రాత్రంతా వాన. పొద్దున్నే వెళ్లాను. పై ముక్క బురదలో కూరుకుపోయింది. ఇంటికి తెచ్చేసుకుందామనిపించింది. తీసి, కొంగుతో తుడిచాను. తీరా ఇంజనీరు వచ్చేసరికి అక్కడ లేకపోతే ఎలా? మళ్లీ ఆ బురదలోనే, ఎలా ఉందో అలాగే పెట్టాను. కొంచెం వంకరగా పెట్టానేమోనని వెనక్కి వెళ్లి సరిచేశాను కూడా. పిచ్చిదాన్ని.

మెట్ల కింద సిమెంటు తడిసి గడ్డకట్టుకుపోయింది. మా ఆయన చూశాడు. ఆ గడ్డని ఎత్తి బయట పడేశాడు.

జూన్ 17

ఇంజనీరు వచ్చాడు! నేనే దగ్గరుండి అంతా తిప్పాను. పిల్లల మూలకి కూడా తీసుకెళ్లాను. తలూపాడు. ఫోటో తీశాడు, నా కళ్లతో చూశాను.

జూలై 28

శాంక్షన్ అయింది. మాస్టారు షాపుకొచ్చి నా చేతులు పట్టుకున్నారు. నువ్వు లేకపోతే అయ్యేది కాదమ్మా అన్నారు. ఓనరు కూడా టీ తెప్పించాడు. ఇంటికెళ్లి, చూశావా అన్నాను మా ఆయనతో. సరేలే గొప్పదానివి అన్నాడు. పని అయ్యాక ఇద్దరం వెళ్దామన్నాడు.

ఆగస్టు 20

పని మొదలైంది. గేటుకి తాళం. అయ్యేదాకా ఎవరినీ రానివ్వరట. లోపల్నుంచి మిషన్ల చప్పుడు. ఎంత హాయిగా ఉందో ఆ చప్పుడు వింటుంటే.

సెప్టెంబరు 14, ఆదివారం

పిల్లల మూల లేదు.

సెప్టెంబరు 15

నిన్న ఇంకేమీ రాయలేకపోయాను.

గేటు తెరిచారు. ముందువైపు అంతా అద్దంలా ఉంది. పడిపోయిన రాళ్లన్నీ నిలబెట్టారు, రంగు కడిగేశారు. మాస్టారు వాళ్లావిడ రాయిని పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చారు. నేను ఆయన్ని దాటుకుని వెనక్కి వెళ్లాను. అక్కడంతా గడ్డి. చదును చేసి, మట్టి పోసి, లాన్ వేశారు. మధ్యలో సిమెంటు బెంచీ. పాత గోడ కూల్చేసి కొత్తది ఇంకాస్త అవతలగా కట్టారు. దేన్ని చూసి కొలుచుకోను?

కాంట్రాక్టరు మనిషిని పట్టుకున్నాను. పేర్లున్న రాళ్లే ఎస్టిమేట్‌లో ఉన్నాయి, మిగతావి డెబ్రిస్, అంటే చెత్త కింద ఎత్తేశామమ్మా అన్నాడు. ఎక్కడ పోశారయ్యా అంటే, కొత్త గోడ పునాదిలోకి పనికొచ్చాయన్నాడు. ఇవాళ ఆఫీసు తెరవగానే ఇంజనీరు దగ్గరికి పరిగెత్తాను. ఫోటో తీశారు కదా అన్నాను. తీశాను, కానీ పేరు లేని రాయికి ఎవరి పేరున బిల్లు పెట్టను అన్నాడు. కసిరి చెప్పలేదు. కూర్చోమని, మంచినీళ్లిచ్చి చెప్పాడు.

పేరెక్కడిది? మూడు రోజులు బతికింది. నేనొక పేరు అన్నాను, మా ఆయన ఇంకో పేరు అన్నాడు, ఇంటికి వెళ్లాక తేల్చుకుందాం అనుకున్నాం. షాపులో టోకెన్ ఊడిపోయిన బట్టని కూడా మేం పారేయం. ఎవరో ఒకరు వెతుక్కుంటూ వస్తారని పక్కన పెడతాం.

ఆ ఆదివారం నేను నోరు మూసుకుని ఉంటే గంటలో అతికించేసి వచ్చేవాళ్లం. పేరు లేకపోయినా, నిలబడి ఉన్న రాయిని ఎవడూ చెత్తలో ఎత్తడు.

సెప్టెంబరు 21, ఆదివారం

మా ఆయన వచ్చాడు. అంతా చెప్పాను, అయినా వచ్చాడు. లాన్ అంచున నిలబడి, ఎక్కడ అని అడిగాడు. నాకు తెలియలేదు. ఎన్నిసార్లు వచ్చానో, కళ్లు మూసుకుని నడిచేదాన్ని. కాపలా తాతని పిలిచాను. బెంచీ పక్కన చూపించి, ఇదిగో ఇక్కడేనమ్మా అన్నాడు. మొన్న నేనొక్కదాన్నే వచ్చినప్పుడు కొళాయి దగ్గర చూపించాడు. పాపం, నా మొహం చూడలేక ఏదో ఒకటి చెబుతున్నాడు.

మా ఆయన బెంచీ మీద కూర్చోలేదు. ఇంటికి పోదాం పద అన్నాడు, అంతే. నీ వల్లే అని ఒక్క మాట అనొచ్చు కదా. తిట్టొచ్చు కదా. బస్సులో నా టికెట్టు కూడా తనే తీశాడు.

అక్టోబరు 8

తవ్వి చూడటానికి కుదరదట. రెండోసారి ఫండ్ ఇవ్వరట. ఫైలు క్లోజ్ అయిందట. గేటు పక్కన శిలాఫలకం పెట్టారు. ఎవరెవరి పేర్లో ఉన్నాయి, చివర మాస్టారిదీ నాదీ కూడా. కృతజ్ఞతలట.

అక్టోబరు 9

మాస్టారు కోటు తీసుకోవడానికి వచ్చారు. మార్చి నుంచి హ్యాంగర్‌కే ఉంది. నా వైపు చూడలేకపోయారు. నేనే చెప్పాను ముట్టుకోవద్దని, నన్ను క్షమించమ్మా అన్నారు. మీ తప్పేముందండీ అన్నాను. అబద్ధం. ఆయన మీద పీకల దాకా కోపం ఉంది. వాళ్లావిడ రాయి నిలబడే ఉంది కదా అని కోపం. కోటు మడిచి ఇచ్చాను.

నవంబరు 12

లాన్‌లో ఉండగా గడ్డి కోసే మనిషి మిషన్‌తో వచ్చాడు. కాస్త పక్కకి జరగమన్నాడు. ఎటు జరిగితే పాప మీద కాలు పడుతుందో. జరగలేదు. ఎటైనా జరగమ్మా అని మళ్లీ అన్నాడు. చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాను. నా చుట్టూ కొంచెం గడ్డి వదిలేసి, మిగతాదంతా కోసుకుంటూ వెళ్లిపోయాడు.